హరితగృహ వాయువులు వాయు కాలుష్యమేనా? మైపాడు తీరం నుంచి ఒక న్యాయచరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• 'వాయు కాలుష్యం' అనే భావన చట్టంలో ఎలా రూపుదిద్దుకుందో వివరించగలుగుతారు.
• నెల్లూరు తీరానికి, హైదరాబాదుకు సంబంధించిన మూడు ముఖ్యమైన తీర్పుల ప్రాధాన్యాన్ని గుర్తించగలుగుతారు.
• అమెరికాలో మసాచుసెట్స్ కేసు (2007) నేపథ్యాన్ని, ఫలితాలను చర్చించగలుగుతారు.
• భారతదేశంలో హరితగృహ వాయువుల నియంత్రణ ఏ చట్టాల ద్వారా సాగుతున్నదో, ఎక్కడ ఆగిపోయిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

నెల్లూరు నుంచి తూర్పుగా సుమారు పాతిక కిలోమీటర్లు వెళితే ఇందుకూరుపేట మండలంలోని మైపాడు వస్తుంది. మీలో కొందరు ఆదివారం పూట సముద్రం చూడడానికి అక్కడికి వెళ్ళే ఉంటారు. ఉత్తరాన కొద్ది దూరంలో పెన్నా నది సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున పడవలు, వలలు; లోపలికి వస్తే రొయ్యల చెరువులు కనిపిస్తాయి. తీరం వెంట దక్షిణంగా సుమారు ముప్పై కిలోమీటర్లు పోతే కృష్ణపట్నం రేవు, దాని చుట్టుపక్కల బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు వస్తాయి. వాటిలో నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఒకటి. అందులో ఒక్కొక్కటి 800 మెగావాట్ల సామర్థ్యం గల యూనిట్లు మూడు ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారైతే సుమారు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళుతుంది. 800 మెగావాట్ల యంత్రం పూర్తి సామర్థ్యంతో ఒక గంట నడిస్తే 8 లక్షల యూనిట్లు వస్తాయి. అంటే గంటకు దాదాపు 700 టన్నుల బొగ్గుపులుసు వాయువు విడుదలవుతుంది.

అదే పొగగొట్టం నుంచి బూడిద ఎగిరి పక్క ఊరి పైరు మీద పడితే ఏం చేయాలో మన చట్టానికి తెలుసు. కాలుష్య నియంత్రణ మండలి ఉంది, పరిమితులు ఉన్నాయి, జరిమానాలు ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ సంగతి అలా కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మామూలు మోతాదులో పీల్చినవారికి దగ్గు కూడా రాదు. అది వాతావరణంలో పోగుపడి, భూమి వేడిని పట్టి ఉంచి, సముద్ర మట్టం పెరగడానికి, తుపానుల తీరు మారడానికి కారణమవుతుంది. ఆ నష్టం మైపాడు పాలెంలోని మత్స్యకారుడి గడప దాకా రావచ్చు. అప్పుడతడు ఏ చట్టం కింద, ఎవరి మీద, ఏ న్యాయస్థానానికి వెళ్ళాలి? ఈ పాఠమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ నడుస్తుంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు 'కాలుష్యం' అనే మాటకు చట్టంలో ఉన్న చరిత్ర తెలుసుకోవాలి.

2. 'కాలుష్యం' అనే మాట చట్టంలోకి వచ్చిన తీరు

గాలిని పాడుచేయడం నేరమన్న భావన మన దేశంలో కొత్తది కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 278వ సెక్షన్, పరిసరాల్లో నివసించేవారి ఆరోగ్యానికి హాని కలిగేలా గాలిని చెడగొట్టడాన్ని నేరంగా పరిగణించింది. కలకత్తా మిల్లుల పొగను అదుపు చేయడానికి 1905లో బెంగాల్ పొగ ఉపద్రవ చట్టం వచ్చింది. బొంబాయిలో 1912లో అలాంటి చట్టమే చేశారు. ఈ చట్టాల దృష్టిలో కాలుష్యమంటే కంటికి కనిపించేది, ముక్కుకు తెలిసేది, చుట్టుపక్కలవారిని బాధించేది. ఈ మూడు లక్షణాలను గుర్తుంచుకోండి. తరువాత వచ్చిన వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

1972లో స్టాక్‌హోంలో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ పర్యావరణ సదస్సు ఒక మలుపు. ఆ సదస్సు నిర్ణయాలను అమలు చేయడానికి పార్లమెంటు 1981లో వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టాన్ని చేసింది. దాని నిర్వచనం ప్రకారం మనుషులకు, ఇతర ప్రాణులకు, మొక్కలకు, ఆస్తికి లేదా పర్యావరణానికి హాని కలిగించే, కలిగించగల మోతాదులో వాతావరణంలో ఉండే ఏ ఘన, ద్రవ, వాయు పదార్థమైనా వాయు కాలుష్య కారకమే. 1987 సవరణలో శబ్దాన్ని కూడా ఇందులో చేర్చారు.

ఈ నిర్వచనం ఎంత విశాలమైనదో గమనించండి. 'పీల్చినవారికి హాని' అని అది పరిమితి పెట్టలేదు. 'ఆస్తి', 'పర్యావరణం' అన్న మాటలు అందులో ఉన్నాయి. అక్షరార్థం తీసుకుంటే కార్బన్ డయాక్సైడ్ ఆ పరిధిలోకి రాకుండా ఆపే మాట ఒక్కటీ లేదు.

అయితే నిర్వచనం ఒక్కటే సరిపోదు. ఈ చట్టం కింద ప్రమాణాలు నిర్ణయించే పని కాలుష్య నియంత్రణ మండళ్ళది. 22వ సెక్షన్ ప్రకారం మండలి నిర్ణయించిన ప్రమాణాన్ని మించి వదిలితేనే ఉల్లంఘన. ప్రమాణమే లేనప్పుడు ఉల్లంఘన అన్న మాటే రాదు. 2009లో ప్రకటించిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్య కారకాలున్నాయి. సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, రెండు రకాల సూక్ష్మ ధూళికణాలు, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్ వాటిలో ఉన్నాయి. కార్బన్ డయాక్సైడ్ లేదు. థర్మల్ విద్యుత్ కేంద్రాలకు 2015 డిసెంబరులో కొత్త ప్రమాణాలు ప్రకటించారు. అవి ధూళికి, సల్ఫర్ డయాక్సైడ్‌కు, నైట్రోజన్ ఆక్సైడ్లకు, పాదరసానికి, నీటి వాడకానికి హద్దులు పెట్టాయి. వాటిలోనూ కార్బన్ డయాక్సైడ్ ఊసు లేదు. తలుపు వెడల్పుగానే ఉంది, కాని లోపలికి పిలిచినవారు లేరు.

3. నెల్లూరు తీరం నేర్పిన పాఠం: జగన్నాథ్ కేసు

తీరప్రాంత ప్రజలు కాలుష్యం మీద న్యాయస్థానానికి వెళ్ళిన అనుభవం నెల్లూరుకు ఉంది. అది గాలికి సంబంధించినది కాదు, నీటికి, నేలకు సంబంధించినది. అయినా మన ప్రశ్నకు అది చాలా దగ్గరిది.

1990వ దశకం మొదట్లో రొయ్యల పెంపకం ఈ తీరాన్ని ఊపేసింది. వరి పండిన భూములు ఉప్పునీటి చెరువులయ్యాయి. లాభాలు వచ్చినవారికి వచ్చాయి, కాని పక్కనున్న బావుల్లో నీరు ఉప్పగా మారిందనీ, సముద్రపు ఒడ్డుకు పోయే దారులు మూసుకుపోయాయనీ ఫిర్యాదులు మొదలయ్యాయి. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 1991 ఫిబ్రవరి 19 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటనను అమలు చేయాలన్నది అందులో ప్రధానమైన కోరిక. కోర్టు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థను ఆంధ్రప్రదేశ్, తమిళనాడు తీరాలను పరిశీలించి నివేదిక ఇమ్మని కోరింది.

1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్‌ల ధర్మాసనం తీర్పు చెప్పింది. తీర నియంత్రణ పరిధిలో ఉన్న రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగించాలనీ, చిలకా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపు రొయ్యల సాగు వద్దనీ ఆదేశించింది. నష్టపోయినవారికి పరిహారం, పర్యావరణ పునరుద్ధరణ ఖర్చు కలుషితం చేసినవారే భరించాలన్న సూత్రాన్ని వర్తింపజేసింది.

మరి చెరువులన్నీ పోయాయా? పోలేదని నెల్లూరువారికి వేరే చెప్పనక్కరలేదు. తీర్పు వచ్చిన వెంటనే దానిని మార్చే శాసన ప్రయత్నాలు మొదలయ్యాయి. చివరకు 2005లో తీర ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చి, నమోదు చేసుకున్న సాగును తీర నియంత్రణ నిషేధం నుంచి తప్పించింది. దీని నుంచి మనం రెండు విషయాలు నేర్చుకోవచ్చు. మొదటిది, ఊళ్ళో వ్యక్తిగతంగా చెప్పుకున్న బాధ శాస్త్రీయ నివేదికగా మారితేనే న్యాయస్థానం దాని మీద నిలబడి మాట్లాడగలదు. రెండవది, న్యాయస్థానం గెలిపించినదాన్ని శాసనసభ వెనక్కి తీసుకోగలదు. రెండో పాఠం అమెరికా చరిత్రలో మళ్ళీ కనిపిస్తుంది.

4. హైదరాబాదు నుంచి వచ్చిన రెండు సూత్రాలు

హరితగృహ వాయువుల వాదానికి పునాది కాగల రెండు సూత్రాలు తెలుగు నేల మీద పుట్టిన వివాదాల నుంచి వచ్చాయి.

మొదటిది 1987 నాటి టి. దామోదరరావు కేసు. హైదరాబాదు అభివృద్ధి ప్రణాళికలో విహార స్థలంగా కేటాయించిన భూమిలో జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్ళు కట్టబోగా స్థానికులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళారు. జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ తీర్పులో, ప్రాణం తీయడమంటే ఒక్కసారిగా తీయడమే కాదనీ, కలుషితమైన వాతావరణం ద్వారా మెల్లమెల్లగా విషమెక్కించడం కూడా రాజ్యాంగం 21వ అధికరణ హామీ ఇచ్చిన జీవించే హక్కుకు భంగమేననీ అన్నారు. 'మెల్లగా జరిగే హాని' అన్న ఈ ఆలోచన కార్బన్ డయాక్సైడ్‌కు ఎంత చక్కగా సరిపోతుందో మీరే చూడండి.

రెండవది ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికీ, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడుకూ మధ్య జరిగిన కేసు. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల పరివాహక ప్రాంతంలో ఆముదం నూనె ఆధారిత రసాయనాల పరిశ్రమకు మండలి సమ్మతి నిరాకరించింది. అప్పీలు ప్రాధికార సంస్థ అనుమతించమంది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరి 27న తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు ముందుజాగ్రత్త సూత్రాన్ని విపులంగా వివరించారు. శాస్త్రీయంగా పూర్తి నిర్ధారణ లేదన్న సాకుతో చర్య వాయిదా వేయరాదు. తన పని వల్ల హాని లేదని రుజువు చేసే భారం ఆ పని చేయదలచినవారి మీదే ఉంటుంది. వాతావరణ మార్పు కేసుల్లో ప్రతివాదులు ఎక్కువగా ఆశ్రయించేది అనిశ్చితినే కనుక ఈ సూత్రం విలువ ఎక్కువ.

సూత్రాలు మన దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. కాని వాటిని హరితగృహ వాయువుల మీద పరీక్షకు పెట్టిన ప్రసిద్ధ కేసు మన తీరంలో కాదు, అట్లాంటిక్ తీరంలో నడిచింది.

5. మసాచుసెట్స్ కేసు: తీరం కోల్పోయే రాష్ట్రం

అమెరికా పరిశుభ్ర వాయు చట్టం 1970 నాటిది. ప్రజారోగ్యానికి లేదా సంక్షేమానికి ప్రమాదం కలిగించే వాయు కాలుష్యానికి కొత్త మోటారు వాహనాల పొగ కారణమవుతున్నదని తేలితే పర్యావరణ పరిరక్షణ సంస్థ దానికి ప్రమాణాలు నిర్ణయించి తీరాలని అది చెబుతుంది. 'సంక్షేమం' అన్న మాటను వివరించే చోట వాతావరణ స్థితి, శీతోష్ణస్థితి కూడా ఉన్నాయి.

1999లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు ఆ సంస్థకు ఒక అర్జీ పెట్టుకున్నాయి. కొత్త వాహనాల నుంచి వెలువడే హరితగృహ వాయువులకు ప్రమాణాలు నిర్ణయించమన్నదే ఆ అర్జీ. 2003లో సంస్థ దానిని రాతపూర్వకంగా తిరస్కరించింది. ఈ వాయువులను నియంత్రించే అధికారం తనకు లేదనీ, ఉన్నా ఇప్పుడు వాడడం తెలివైన పని కాదనీ కారణాలు చెప్పింది. ఆ తిరస్కరణను మసాచుసెట్స్, మరికొన్ని రాష్ట్రాలు, నగరాలు, సంస్థలు కోర్టులో సవాలు చేశాయి. కింది కోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్ళాయి.

అక్కడ మొదటి అడ్డంకి దావా అర్హత. ప్రపంచమంతటికీ కలిగే నష్టం మీద ఒక్కరికి కేసు వేసే హక్కు ఎలా వస్తుంది? మసాచుసెట్స్ జవాబు సముద్రం గురించి. తీరంలో తనకు సొంత భూములున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో సముద్ర మట్టం 10 నుంచి 20 సెంటీమీటర్లు పెరిగింది. అది ఇప్పటికే ఆ భూములను మింగడం మొదలుపెట్టింది. ప్రతివాదులు, అమెరికా ఎంత తగ్గించినా భారత్, చైనా వంటి దేశాల పెరుగుదల దానిని మింగేస్తుందని వాదించారు. మన పేరు అలా ఆ తీర్పులోకి ఎక్కింది. కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. అమెరికా రవాణా రంగం ఒక్కటే ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో 6 శాతానికి పైగా వదులుతోంది; సమస్య మొత్తం తీరకపోయినా, కొంత తగ్గించగలిగితే చాలు, ఉపశమనం ఉపశమనమేనంది.

2007 ఏప్రిల్ 2న 5-4 ఆధిక్యంతో తీర్పు వచ్చింది. ఆధిక్య తీర్పు రాసిన జస్టిస్ జాన్ పాల్ స్టీవెన్స్, హరితగృహ వాయువులు చట్టంలోని విశాలమైన 'వాయు కాలుష్య కారకం' నిర్వచనంలోకి వస్తాయన్నారు. సంస్థ కచ్చితంగా నియంత్రించాలని మాత్రం ఆదేశించలేదు. ప్రమాదం ఉందో లేదో శాస్త్రాన్ని బట్టి తేల్చాలనీ, చట్టానికి బయటి కారణాలు చెప్పి తప్పించుకోరాదనీ అన్నారు. విభేదించిన జస్టిస్ స్కాలియా, వాయు కాలుష్యమంటే భూమికి దగ్గరలో మనుషులు పీల్చే గాలి మలినం కావడమేనన్న సంస్థ వాదనను సమర్థించారు. ఇది రెండవ భాగంలో మనం చూసిన 1860 నాటి దృష్టే. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ దావా అర్హతే లేదన్నారు.

6. తీర్పు తరువాత

2009 డిసెంబరు 7న సంస్థ ఆరు రకాల హరితగృహ వాయువులు ప్రజారోగ్యానికీ సంక్షేమానికీ ప్రమాదమని అధికారికంగా నిర్ధారించింది. వాహన ప్రమాణాలకు అదే ఆధారమైంది.

తరువాతి కథ ముందుకూ వెనక్కూ నడిచింది. 2011లో విద్యుత్ సంస్థల మీద కొన్ని రాష్ట్రాలు ఉపద్రవ సూత్రం కింద నేరుగా వేసిన కేసును సుప్రీంకోర్టు కొట్టివేసింది. నియంత్రణ అధికారం చట్టం ద్వారా సంస్థకు ఉంది కనుక కోర్టులు వేరుగా జోక్యం చేసుకోనక్కరలేదన్నది కారణం. అంటే 2007 విజయమే ఈ ఓటమికి దారి వేసింది. 2022 జూన్ 30న వెస్ట్ వర్జీనియా కేసులో, బొగ్గు నుంచి ఇతర వనరులకు విద్యుదుత్పత్తిని మళ్ళించేంత పెద్ద నిర్ణయం సంస్థ సొంతంగా తీసుకోరాదనీ, శాసనసభ స్పష్టంగా అధికారం ఇవ్వాలనీ 6-3 ఆధిక్యంతో కోర్టు అంది. 2025 జూలైలో సంస్థే 2009 నాటి నిర్ధారణను రద్దు చేయాలని ప్రతిపాదించింది. రొయ్యల చెరువుల కేసులో చూసిన పాఠమే ఇది: తీర్పుతో చరిత్ర ముగియదు.

7. మన దగ్గర ఏం జరిగింది?

తెలుగు ప్రాంతంలో థర్మల్ విద్యుత్ కేంద్రాల మీద పెద్ద పోరాటాలే జరిగాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అక్కడి వివాదం బీల భూముల మీద, జీవనోపాధి మీద నడిచింది. కార్బన్ మీద కాదు. కృష్ణపట్నంలో 3,960 మెగావాట్ల భారీ ప్రాజెక్టు 2011లో ఆగిపోయింది. అక్కడ అడ్డుపడింది వాతావరణ మార్పు కాదు, ఇండోనేషియా బొగ్గు ధర.

వాతావరణ మార్పును సూటిగా ముందుకు తెచ్చిన కేసు 2017లో వచ్చింది. ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ళ బాలిక రిధిమా పాండే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించింది. 2019 జనవరిలో ట్రిబ్యునల్ ఆ దరఖాస్తును కొట్టివేసింది. పారిస్ ఒప్పందం వంటివి ప్రభుత్వ విధానాల్లో, పర్యావరణ ప్రభావ అంచనాల్లో ప్రతిఫలించడం లేదని భావించడానికి కారణం లేదంది.

2024 మార్చి 21న సుప్రీంకోర్టు రంజిత్‌సింహ్ కేసులో వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14, 21 అధికరణల్లో ఉందని చెప్పింది. 1987లో హైదరాబాదులో మొదలైన ఆలోచనకు ఇది కొనసాగింపు అనవచ్చు. కాని ఆ కేసు బట్టమేక పిట్ట నివాస ప్రాంతాల్లో సౌర విద్యుత్ తీగలను భూగర్భంలో వేయాలా వద్దా అన్నదాని మీద వచ్చింది. హక్కును గుర్తించారు, ఏ పొగగొట్టానికీ హద్దు పెట్టలేదు.

హద్దు పెట్టే పని వేరే దారిలో మొదలైంది. 2022లో ఇంధన పొదుపు చట్టాన్ని సవరించి, 2023లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకం తెచ్చారు. 2025 అక్టోబరులో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద హరితగృహ వాయు ఉద్గార తీవ్రత లక్ష్యాల నియమాలు ప్రకటించారు. మొదటి విడతలో అల్యూమినియం, సిమెంటు, క్లోర్-ఆల్కలీ, కాగితం పరిశ్రమలు వచ్చాయి. థర్మల్ విద్యుత్ ఆ విడతలో లేదు. ఇందులో ఒక న్యాయపరమైన సూక్ష్మం ఉంది. ఇంధన పొదుపు చట్టం హరిత ట్రిబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో లేదు. 1981 వాయు చట్టం, 1986 పర్యావరణ చట్టం ఉన్నాయి. కనుక ఏ చట్టం కింద నియంత్రిస్తారన్నదాన్ని బట్టి సామాన్యుడికి ఏ తలుపు తెరుచుకుంటుందో నిర్ణయమవుతుంది.

8. మైపాడు ప్రశ్నకు జవాబు

ఇంకొక్క తీర్పును కూడా చూడాలి. 2024 మే 21న అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్, చిన్న ద్వీప దేశాల అభ్యర్థన మీద ఇచ్చిన సలహా అభిప్రాయంలో, మనుషులు వదిలే హరితగృహ వాయువులు సముద్ర పర్యావరణ కాలుష్యమేనని చెప్పింది. భారతదేశం 1995 నుంచి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో భాగస్వామి. అంటే మైపాడు ముందున్న సముద్రానికి సంబంధించినంతవరకు ఈ వాయువు కాలుష్యమన్న మాటను అంతర్జాతీయ వేదిక ఒకటి అనేసింది. ఊరి మీదున్న గాలికి సంబంధించి మన వాయు చట్టం కింద ఆ మాట అనవలసినవారు ఇంకా అనలేదు.

కాబట్టి మన మత్స్యకారుడు ఏం చేయాలి? విద్యుత్ కేంద్రం మీద నేరుగా దావా వేస్తే 'ఏ ప్రమాణాన్ని ఉల్లంఘించాం?' అని వారు అడుగుతారు. దానికి జవాబు లేదు. హక్కు పేరుతో వెళితే హక్కు ఉందంటారు, విధానం ప్రభుత్వానిదంటారు. చరిత్ర చూపే మూడవ దారి అంత ఆర్భాటమైనది కాదు. 1999లో అమెరికాలో మొదలైంది దావా కాదు, అర్జీ. కార్బన్ డయాక్సైడ్ వాయు చట్టం నిర్వచనంలోకి వస్తుందా రాదా, వస్తే దానికి ప్రమాణం ఎందుకు నిర్ణయించలేదు అని కాలుష్య నియంత్రణ మండలిని రాతపూర్వకంగా అడగడం ఆ దారి. అవునంటే మంచిదే. కాదంటే కారణం చెప్పాలి. ఆ కారణాన్ని 226వ అధికరణ కింద హైకోర్టు ముందు పరీక్షకు పెట్టవచ్చు. మౌనాన్ని సవాలు చేయడం కష్టం; రాతపూర్వకమైన నిరాకరణను సవాలు చేయవచ్చు. మసాచుసెట్స్ గెలిచింది అలాంటి కాగితం మీదే.

అయితే తీరం ఎంత వెనక్కి జరుగుతోంది, బావి నీరు ఎప్పుడు ఉప్పెక్కింది, తుపానుకు ఎన్ని పడవలు పోయాయి అన్న లెక్కలు ఊళ్ళో ఎవరో ఒకరు తేదీలతో రాసి పెట్టుకోవాలి. రేపు ఏ న్యాయస్థానమైనా మొదట అడిగేది ఆ లెక్కలనే. మీరు చరిత్ర విద్యార్థులు. తీరప్రాంతంలో ఉన్నవారైతే ఆ పని మీరు మొదలుపెట్టవచ్చు.

9. సారాంశం

వాయు కాలుష్యమంటే కనిపించే పొగ అన్న భావనతో చట్టాలు మొదలయ్యాయి. 1981 చట్టం నిర్వచనాన్ని విస్తరించింది కాని హరితగృహ వాయువులకు ఆ చట్టం కింద ప్రమాణాలు రాలేదు. నెల్లూరు తీరపు రొయ్యల కేసు శాస్త్రీయ ఆధారాల విలువను, తీర్పుల పరిమితిని చూపింది. హైదరాబాదు కేసులు మెల్లగా జరిగే హానిని, ముందుజాగ్రత్తను సూత్రాలుగా నిలిపాయి. మసాచుసెట్స్ కేసు హరితగృహ వాయువులను వాయు కాలుష్య కారకాలుగా గుర్తించినా, తరువాతి తీర్పులు, ప్రభుత్వ నిర్ణయాలు ఆ విజయాన్ని కుదించాయి. భారతదేశంలో నియంత్రణ హక్కుల దారిలోను, కార్బన్ వ్యాపార దారిలోను సాగుతున్నది. వాయు చట్టం దారి ఇంకా తెరవవలసి ఉంది.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 1981 వాయు చట్టంలోని 'వాయు కాలుష్య కారకం' నిర్వచనాన్ని విశ్లేషించండి.
2. నాయుడు కేసులో రుజువు భారం గురించి సుప్రీంకోర్టు ఏమి చెప్పింది?

ఆ) కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మసాచుసెట్స్ కేసులో తీరప్రాంత భూమికి ఉన్న ప్రాధాన్యాన్ని వివరించి, అటువంటి వాదన నెల్లూరు తీరానికి ఎంతవరకు వర్తిస్తుందో చర్చించండి.
2. 'తీర్పుతో చరిత్ర ముగియదు.' జగన్నాథ్ కేసు, వెస్ట్ వర్జీనియా కేసుల ఆధారంగా ఈ వాక్యాన్ని సమర్థించండి లేదా ఖండించండి.